గోడలో వాన: మన ఇళ్లలో పైపుల చప్పుడు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆపాలి

రెండేళ్ల కిందట కార్తీక మాసంలో అమ్మ పాలకొల్లు పక్కన మా ఊరి నుంచి భీమవరం వచ్చి, మా ఫ్లాట్‌లో పది రోజులుంది. వచ్చిన మొదటి రాత్రే, తెల్లవారుజామున నాలుగు కాకముందే లేచి కూర్చుని, "ఏరా, వానొచ్చిందా? బయట బట్టలు తీశారా?" అని అడిగింది. బయట చినుకు కూడా లేదు. పై ఫ్లోర్ వాళ్లు గునుపూడి సోమేశ్వరుడి గుడికి వెళ్లాలని లేచి స్నానాలకు దిగారు. వాళ్ల బాత్రూమ్‌లో ఫ్లష్ నొక్కితే ఆ నీళ్లు అమ్మ తలాపున ఉన్న గోడ వెనక నుంచి జర్రున దిగాయి. ఆ వెంటనే బకెట్ నీళ్లు, కాసేపటికి ఇంకో ఫ్లష్. అమ్మ ఉండేది పాత మండువా ఇల్లు. అక్కడ మరుగుదొడ్డి దొడ్లో, నూతికి అవతలెక్కడో ఉంటుంది. ఇంట్లో నీళ్ల చప్పుడు వినిపించిందంటే అది మండువాలో పడే వానే.

ఆ పది రోజులూ ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు. నాకు మాత్రం అప్పటికే ఆరేళ్లుగా అలవాటైపోయిన చప్పుడది. అమ్మ కళ్ల కింద నలుపు చూశాక గానీ అది ఇంటి లోపమని నాకు తట్టలేదు. ప్లంబర్‌ని పిలిస్తే "పైపన్నాక చప్పుడు రాదాండీ?" అన్నాడు. వస్తుంది, నిజమే. కానీ ఎంత రావాలి, ఎటు పోవాలి అన్నది ఇల్లు కట్టేటప్పుడు ఎవరో ఒకరు తేలుస్తారు. మన దగ్గర అది తేల్చేది చాలాసార్లు తాపీ మేస్త్రి చేతిలోని గుప్పెడు సిమెంటు మాలు. ఇది అర్థం చేసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. భీమవరం, తణుకు, అమలాపురం, రాజమండ్రి ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి కాబట్టి, తెలుసుకున్నదంతా ఒకచోట వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ చప్పుడు ఏదో వినండి

నీళ్ల చప్పుళ్లకు తెలుగులో మాటలు తక్కువేం కాదు. జర్రుమంటుంది, గుడగుడమంటుంది, టంగుమంటుంది, సుయ్యిమంటుంది, టిక్కుటిక్కుమంటుంది. ఈ మాటల్లో ఏది మీ ఇంటికి సరిపోతుందో చూసుకుంటే సగం పని అయినట్టే. ఎందుకంటే వీటిలో ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది, మందు కూడా వేరు. పైనుంచి జర్రున దిగేది మురుగు పైపులో పడే నీరు. గుడగుడ అనేది గాలికి దారి లేక వచ్చేది. టంగుమనేది పరుగెత్తే నీటిని ఒక్కసారిగా ఆపినందుకు. గుడగుడమనే పైపుకి ఎన్ని దుప్పట్లు చుట్టినా లాభం లేదు. జర్రుమనే పైపుకి ఎన్ని గాలి గొట్టాలు పెట్టినా అంతే. జనం డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకొకటి గమనించండి. ఈ చప్పుళ్లు వేసవిలో వినపడవు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పీడిస్తాయి. పైపులు మారవు, ఫ్యాన్ ఆగిపోతుంది. ఫ్యాన్ హోరు, ఏసీ హోరు మిగతా చప్పుళ్లను కప్పేస్తాయి. చలికాలంలో ఆ ముసుగు తీసేస్తాం. పైగా కార్తీకం, ధనుర్మాసం రెండూ తెల్లవారుజామున స్నానాలు చేసే నెలలు. నాలుగింటికి ఊరంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఫ్యాన్ లేని గదిలో, పై ఇంటి నీళ్లు దిగుతాయి. వినపడకేం చేస్తుంది?

జర్రున దిగే నీళ్లు

ఇప్పటి ఫ్లష్ ట్యాంకులో పూర్తి ఫ్లష్ అంటే సుమారు 6 లీటర్లు. అవి కొన్ని సెకన్లలోనే నిలువు పైపులోకి దూకుతాయి. చాలామంది అనుకున్నట్టు ఆ నీళ్లు పైపు నిండా దిగవు. గోడల వెంట పొరలా అంటుకుని జారతాయి, మధ్యలో గాలి ఖాళీ ఉంటుంది. ఐదో అంతస్తు నుంచి ఏదైనా వస్తువును స్వేచ్ఛగా వదిలితే నేల తాకేసరికి సెకనుకు 17 మీటర్ల వేగం అందుకుంటుంది. పైపులో నీటికి అంత వేగం రాదు. గోడ రాపిడి వల్ల ఒకటి రెండు అంతస్తులు దిగేసరికే సెకనుకు నాలుగైదు మీటర్ల దగ్గర నిలకడగా ఉండిపోతుంది. అందుకే ఐదంతస్తుల బిల్డింగ్ అయినా పదంతస్తులదైనా మధ్య అంతస్తుల్లో చప్పుడు పెద్దగా తేడా ఉండదు.

తేడా అంతా అడుగున ఉంటుంది. నిలువు పైపు వచ్చి అడ్డం తిరిగే చోట, ఆ వేగం మొత్తం ఒక్క వంపుకి కొట్టుకుంటుంది. నీరు అక్కడ ఎగిరిపడి, పైపు నిండి, తర్వాత నెమ్మదిస్తుంది. స్టిల్ట్ పార్కింగ్ మీద ఉండే మొదటి అంతస్తు వాళ్లకు దడదడమని వినిపించేది ఇదే. ఒక్క 90 డిగ్రీల బెండు వేయకుండా రెండు 45 డిగ్రీల బెండ్లు వేసి, వాటి మధ్య 25 సెంటీమీటర్ల తిన్నని ముక్క పెడితే ఆ దెబ్బ బాగా మెత్తబడుతుంది. ఖర్చు ఒక అదనపు బెండు, ఒక చిన్న పైపు ముక్క. అయినా ఈ చిన్న పని చేసిన బిల్డింగులు నాకు చాలా తక్కువ కనిపించాయి.

ఇక పైపు సంగతి. పాత రోజుల్లో మురుగు పైపులు పోత ఇనుముతో ఉండేవి. అతుకుల్లో నార కుక్కి సీసం కరిగించి పోసేవారు. బరువు ఎక్కువ, తుప్పు పడుతుంది, బిగించడానికి నలుగురు మనుషులు కావాలి. ఉప్పుగాలి తగిలే మన డెల్టాలో పీవీసీ వచ్చాక ఇనుము వెనకబడిందంటే ఆశ్చర్యం లేదు. కానీ చప్పుడు విషయంలో మనం ఒకటి పోగొట్టుకున్నాం. అది బరువు. పోత ఇనుము సాంద్రత ఘనమీటరుకు 7,200 కిలోల దాకా ఉంటే, పీవీసీది 1,400 దగ్గర. 110 మి.మీ. మురుగు పైపు గోడ మందం 3.2 మి.మీ. అనుకుంటే, ఒక చదరపు మీటరు పైపు గోడ నాలుగున్నర కిలోలు తూగుతుంది. నాలుగు మి.మీ. పోత ఇనుము అయితే దాదాపు 29 కిలోలు. గాలిలో వచ్చే చప్పుడును ఆపడంలో బరువుకి ఒక లెక్క ఉంది: బరువు రెట్టింపు అయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతాయి. చప్పుడుని కొలిచే ఈ డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు, 10 తగ్గితే మన చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది.

ఇక్కడే ఒక మోసం కూడా జరుగుతుంది. మన ఐఎస్ 13592 ప్రమాణంలో ఈ పైపులు రెండు రకాలు. టైప్ ఎ వాననీటికి, గాలి గొట్టాలకు. టైప్ బి మురుగు నీటికి. 110 మి.మీ. సైజులో టైప్ ఎ మందం 2.2 మి.మీ. నుంచి, టైప్ బి 3.2 మి.మీ. నుంచి మొదలవుతాయి. బయటకు రెండూ ఒకేలా ఉంటాయి. డబ్బు మిగులుతుందని మురుగుకి కూడా టైప్ ఎ వేసేస్తే చప్పుడు పెరుగుతుంది, పైపు ఆయుష్షు కూడా తగ్గుతుంది. పైపు మీద అచ్చువేసిన అక్షరం ఒకసారి చదవండి, చాలు.

గోడ ఎందుకు మోగుతుంది

ఇంతవరకు చెప్పింది గాలిలో వచ్చే చప్పుడు. అసలు పెద్ద దొంగ వేరే ఉంది.

మీ ఫోన్‌ని వైబ్రేషన్‌లో పెట్టి చేత్తో పట్టుకోండి. గుర్రుమని చిన్నగా వినిపిస్తుంది. అదే ఫోన్‌ని బోర్లించిన స్టీలు డబ్బా మీద పెట్టండి. ఇల్లంతా వినిపిస్తుంది. ఫోన్ అదే, వణుకు అదే. తేడా ఏమిటంటే ఆ వణుకు ఇప్పుడు పెద్ద రేకు మొత్తాన్ని కదిలిస్తోంది, ఆ రేకు గాలిని కదిలిస్తోంది. వీణ తీగకి కుండ లేకపోతే పక్క గదికి కూడా వినిపించదు. మన ఇళ్లలో పైపు తీగలాంటిది, గోడ కుండలాంటిది. సన్నని పైపు స్వయంగా గాలిని పెద్దగా కదిలించలేదు. కానీ దాన్ని పది అడుగుల గోడకి గట్టిగా బిగిస్తే గోడంతా పలుకుతుంది.

ఆ బిగింపు ఎక్కడ జరుగుతుంది? మా ఇంట్లో అదే వెతికాను. ఇంటి మధ్యలో పైనుంచి కింద దాకా వదిలే ఖాళీని మన బిల్డర్లు ఓటీఎస్ అంటారు. మా మురుగు పైపు అందులోనే, అమ్మ పడుకున్న గది గోడకి అవతలి వైపు ఉంది. స్క్రూడ్రైవర్ మొన పైపుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుని, పై ఫ్లోర్ వాళ్లని ఫ్లష్ నొక్కమన్నాను. హోరుమంది. తర్వాత గదిలోకి వచ్చి అరచెయ్యి గోడకి ఆనించాను. నేల నుంచి నడుము దాకా ఏమీ లేదు. తల ఎత్తుకి వచ్చేసరికి చేతికి సన్నగా జలదరింపు తగిలింది. సరిగ్గా అవతల అదే ఎత్తులో ఇనుప క్లాంపు ఉంది, మధ్యలో రబ్బరు లేకుండా నేరుగా గోడలోకి మేకు దిగి ఉంది. ఇంకా పైన, పైపు స్లాబు దాటే చోట చుట్టూ కన్నాన్ని సిమెంటు మాలుతో బిర్రుగా పూడ్చారు. నీరు కారకుండా చేశారు, మంచిదే. కానీ పైపు వణుకు మొత్తం స్లాబులోకి, స్లాబు నుంచి గోడలోకి పోవడానికి అదే రాజమార్గం.

అందుకే పైపుల చప్పుడు విషయంలో నేను పెట్టుకున్న వరస ఇది: మొదట పైపుని ఇంటి నుంచి విడదీయాలి, తర్వాత బరువు చేర్చాలి, ఆ తర్వాతే మెత్తని సరుకు నింపాలి. ఈ వరస తలకిందులైతే ఎంత ఖరీదైన సరుకు తెచ్చినా ఫలితం అంతంతమాత్రమే.

విడదీయడం అంటే పెద్ద విద్యేమీ కాదు. లోపల రబ్బరు పట్టీ ఉన్న క్లాంపులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. పైపు బరువుని మోసేంత మేర బిగించాలి, రబ్బరు నలిగిపోయేలా బిగిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. క్లాంపుని బెడ్‌రూమ్ గోడకి కాకుండా బాత్రూమ్ వైపు గోడకో, బరువైన కాలమ్‌కో, బీమ్‌కో పెట్టాలి. స్లాబు దాటే చోట పైపు కన్నా కాస్త పెద్ద గొట్టం ముక్క ముందే స్లాబులో వదిలి, దానిలోంచి పైపుని తీసుకెళ్లి, మధ్య సందులో రాక్‌వూల్ అనే రాతి నార కుక్కి, పైన సాగే సీలెంట్ వేయాలి. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య మంట పాకకుండా కూడా ఈ సందు సరిగ్గా మూయాలి, దానికి మంటను తట్టుకునే సీలెంట్ వేరే ఉంటుంది. అక్కడ మాత్రం కక్కుర్తి పడొద్దు.

బాత్రూమ్ కింద పల్లంగా వదిలే సంకన్ స్లాబు ఇంకో చోటు. అందులో పైపులు పరిచి, ఇటుక ముక్కలు, మాలు పోసి నింపేస్తారు. పైపు అంటే మీ ఇంటి పైపే గానీ, అది ఆనుకుని ఉన్నది కింద ఇంటివాళ్ల సీలింగుకి. నింపే ముందు పైపు చుట్టూ ఐదు నుంచి పది మి.మీ. ఫోమ్ షీటు చుట్టి టేపు వేస్తే చాలు, మాలు పైపుని నేరుగా పట్టుకోదు. ఏసీ మెకానిక్‌లు రాగి పైపులకి తొడిగే నల్ల నైట్రైల్ రబ్బరు గొట్టాలు చూసే ఉంటారు. గోడలో గాడి కొట్టి పూడ్చే చిన్న నీటి పైపులకి అవి బాగా పనికొస్తాయి.

కోడిగుడ్ల అట్టలు, కొబ్బరి పీచు

అనపర్తి, మండపేట, తణుకు వైపు కోళ్లఫారాలు ఎక్కువ కాబట్టి గుడ్ల అట్టలు మనకి బాగా తెలిసిన సరుకు. గోడకి అవి అతికిస్తే సౌండ్ ప్రూఫ్ అవుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కాదు. చప్పుడుని పీల్చుకోవడం ఒకటి, చప్పుడుని అడ్డుకోవడం ఇంకొకటి. మెత్తగా, చిల్లులు చిల్లులుగా ఉండే సరుకు తన గదిలో తిరిగే మోతని కొంత పీల్చుకుంటుంది. గుడ్ల అట్ట ఆ పని కూడా అరకొరగానే చేస్తుంది. పక్క గదికి పోయే చప్పుడుని ఆపాలంటే బరువు కావాలి, సందులు లేని బరువు. అట్టకి బరువెక్కడిది?

కొబ్బరి పీచు విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది, కోనసీమ చుట్టాలున్నవాడిని. అయినా నిజం చెప్పాలి. రెండంగుళాల మందం పీచు మధ్య, హెచ్చు స్థాయి చప్పుళ్లను బాగానే పీల్చుకుంటుంది. పరుపుల్లో వాడే రబ్బరు కలిపిన పీచు షీట్లు పైపుకీ బయటి బరువు పొరకీ మధ్య మెత్తటి పొరగా వాడుకోవచ్చు. పీచొక్కటే చుట్టి వదిలేస్తే మాత్రం తేడా స్వల్పం. ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. మన గాలిలో తేమకి బూజు పడుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అందుకని పైనుంచి కిందకి పోయే ఓటీఎస్ పైపులకి పీచు వద్దంటాను. గది లోపల, పొడిగా, మూసిన పెట్టెలో అయితే సరే. రాక్‌వూల్ మండదు కానీ తడిస్తే పాడవుతుంది, పాలిథిన్‌లో చుట్టి పెట్టాలి. నైట్రైల్ రబ్బరు నీళ్లు పీల్చదు.

బరువు కోసం వాడేది మాస్ లోడెడ్ వినైల్ అనే దళసరి షీటు. మెత్తగా వంగుతుంది కానీ చదరపు మీటరు సుమారు 5 కిలోలు తూగే రకాలు దొరుకుతాయి. పైపు మీద ముందు ఒక అంగుళం మెత్తటి పొర, దాని మీద ఈ షీటు, అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టి, అతుకులన్నీ టేపుతో మూసేయాలి. మెత్తటి పొర లేకుండా షీటుని నేరుగా పైపుకి చుడితే పైపుతో పాటు అదీ వణుకుతుంది.

కన్నాల సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఎర్ర ఇటుక గోడ దాదాపు 45 డెసిబెల్‌ల చప్పుడు ఆపుతుంది. ఆ గోడలో నూటికి ఒక వంతు కన్నం ఉంటే? ఆపేది 20కి పడిపోతుంది. మన బాత్రూమ్ వెంటిలేటర్లు ఓటీఎస్‌లోకే తెరుచుకుంటాయి, అద్దం పలకల మధ్య ఎప్పుడూ సందులుంటాయి. పైపు హోరు ఆ నున్నటి గోడల మధ్య తిరిగి తిరిగి వెంటిలేటర్ గుండా బాత్రూమ్‌లోకి, బాత్రూమ్ తలుపు కింద సందులోంచి పడక గదిలోకి వస్తుంది. కొన్ని ఇళ్లలో గోడని వదిలేసి ఈ తలుపు అంచులకి రబ్బరు పట్టీ వేస్తేనే సగం బాధ తగ్గుతుంది. వెంటిలేటర్ పూర్తిగా మూసేయొద్దు, తేమ పోదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, అది ఆగినప్పుడు దానంతటదే మూసుకునే రెక్కలున్న రకం చూసుకోండి.

మూడు పొరల పైపుల బ్రోషర్లు

లో-నాయిస్ పైపులని ఇప్పుడు మన దేశంలోనూ అమ్ముతున్నారు. మూడు పొరలుగా ఉంటాయి, మధ్య పొరలో ఖనిజపు పొడి కలిపి బరువు పెంచుతారు. గమ్‌తో కాకుండా రబ్బరు రింగుతో అతుకుతాయి కాబట్టి వణుకు ఒక పైపు నుంచి ఇంకోదానికి తక్కువగా పోతుంది. మంచి సరుకే. అయితే బ్రోషర్లో కనిపించే డెసిబెల్ అంకె మీ ఇంట్లో రాకపోవచ్చు. ఆ పరీక్షలు ఎక్కువగా ఈఎన్ 14366 అనే ఐరోపా పద్ధతిలో, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ ల్యాబులో జరుగుతాయి. సెకనుకు అర లీటరు నుంచి 4 లీటర్ల దాకా నీళ్లు వదిలి, పైపు బిగించిన గోడ వెనక గదిలో కొలుస్తారు. ఆ గోడ బరువు చదరపు మీటరుకు 220 కిలోలు. మన నాలుగున్నర అంగుళాల ఎర్ర ఇటుక గోడ ప్లాస్టరింగ్‌తో కలిపి దాదాపు అంతే ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల కడుతున్న నాలుగంగుళాల లైట్ వెయిట్ బ్లాకుల గోడ అందులో సగమే. గోడ తేలికైతే అదే పైపు ఇంకా గట్టిగా వినిపిస్తుంది. పరీక్షలో ఏ క్లాంపులు వాడారో కూడా బ్రోషర్ అడుగున రాసి ఉంటుంది. ఖరీదైన పైపు కొని మామూలు ఇనుప క్లాంపులతో బిగిస్తే ఆ డబ్బు గోడకి పోసినట్టే.

జర్మనీలో డీఐఎన్ 4109 అనే ప్రమాణం ప్రకారం పక్కింటి నీళ్ల పైపుల చప్పుడు మీ పడక గదిలో 30 డెసిబెల్‌లు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పడక గదిలో రాత్రి ఆగకుండా వచ్చే చప్పుడు 30, ఒక్కసారిగా వచ్చేది 45 దాటకుండా ఉంటే మంచిదని ఉంది. మన 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 అనే హద్దు ఉంది కానీ, అది వీధిలోని చప్పుడు గురించి. గోడలో దిగే ఫ్లష్ గురించి వాదించడానికి అది పనికిరాదు. అందుకే కొనేముందే చూసుకోవాలి, కట్టేముందే అడగాలి.

గుడగుడ, వానాకాలం

ఇది మన డెల్టా వాళ్లకి ప్రత్యేకంగా పట్టే తెగులు. ఇక్కడ నేల బల్లపరుపు, తవ్వితే కొద్ది అడుగుల్లోనే నీరు. ఆనకట్ట కట్టాక కాలువలు, బోదెలు, చేలు, ఇప్పుడు చేపల చెరువులు, అన్నీ కలిసి నేలని తడిగానే ఉంచుతాయి. శ్రావణ భాద్రపదాల్లో వానలు పట్టి డ్రెయిన్లు నిండితే భూమిలో నీటిమట్టం ఇంకా పైకొస్తుంది. సెప్టిక్ ట్యాంకు నుంచి నీరు ఇంకే దారి ఉండదు, ట్యాంకు నిండుతుంది, లోపలికి వచ్చే పైపు మూతి మునిగిపోతుంది.

ఇప్పుడు పైనుంచి ఎవరో ఫ్లష్ నొక్కారు. దిగే నీటి ముందు పైపులోని గాలి కిందకి తోసుకుపోతుంది. వేరే రోజుల్లో ఆ గాలి ట్యాంకులోకి పోయేది. ఇప్పుడు మూతి మునిగి ఉంది. ఎటు పోవాలి? దగ్గర్లో బలహీనంగా ఉన్న చోటు చూసుకుంటుంది. అది కింద ఫ్లోర్ బాత్రూమ్‌లోని నహానీ ట్రాప్, అంటే నేల జాలీ కింద వాసన రాకుండా నీరు నిలిచే గిన్నె. అందులో నిలిచే రెండంగుళాల నీటిని తోసుకుని గుడగుడమని బుడగలుగా పైకొస్తుంది. నీరు దాటిపోయాక వెనక ఖాళీ ఏర్పడి, అదే ట్రాప్‌లోని నీటిని లోపలికి లాగేస్తుంది. ట్రాప్ ఎండితే కంపు మొదలవుతుంది. వానాకాలంలో "బాత్రూమ్ గుడగుడమంటోంది, వాసనొస్తోంది" అని రెండూ కలిపి చెప్పడం మీరు వినే ఉంటారు. రెండూ ఒకటే జబ్బు.

దీనికి సౌండ్ ప్రూఫింగ్ మందు కాదు. నిలువు పైపుని డాబా దాటి పైకి పెంచి, మూతి తెరిచి, జాలీ టోపీ పెట్టాలి. డాబా మీద టైల్స్ వేసేటప్పుడు అడ్డంగా ఉందని ఆ గొట్టాన్ని కోసి మూత పెట్టేసిన బిల్డింగులు నేను స్వయంగా చూశాను. అడుగు అంతస్తు బాత్రూమ్‌ని ప్రధాన పైపు బెండు దగ్గర కలపకుండా, విడిగా పైపు వేసి నేరుగా ఇంటి బయటి మురుగు చాంబర్‌కి తీసుకెళ్లాలి. సెప్టిక్ ట్యాంకుకి గాలి గొట్టం ఉండాలి. ట్యాంకు చుట్టుపక్కల నేల కన్నా ఎత్తులో, పైపు మూతి మునగనంత మట్టంలో ఉండేలా ఇంటి పునాది వేసేటప్పుడే చూసుకోవాలి. మన దగ్గర పునాదిలో మెరక పోయించేటప్పుడు గుమ్మం ఎత్తు గురించి ఎంత ఆలోచిస్తారో, ఈ పైపు మట్టం గురించి అందులో సగం ఆలోచించినా చాలు.

టంగు, సుయ్, టిక్కు

టంగుమనే దెబ్బ ఎక్కువగా మోటారు ఆగినప్పుడు వినిపిస్తుంది. సంపు నుంచి డాబా మీద ట్యాంకుకి నీరు ఎక్కుతుండగా కరెంటు పోతే, పైకి వెళ్తున్న నీటి స్తంభం వెనక్కి జారి, నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు (ఎన్‌ఆర్‌వీ) రెక్కని ఢీకొంటుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఇనుప పైపులో హఠాత్తుగా ఆపితే 10 బార్‌లకు పైగా ఒత్తిడి లేస్తుంది, అంటే 100 మీటర్ల ఎత్తు ట్యాంకు కింద ఉన్నంత. ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కాబట్టి అందులో సగం కూడా ఉండదు, అయినా అతుకులు వదులవ్వడానికి అది సరిపోతుంది. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి 1898లోనే ఈ లెక్క తేల్చాడు. రెక్క ఊగే రకం బదులు స్ప్రింగ్ ఉన్న ఎన్‌ఆర్‌వీ వేస్తే నీరు వెనక్కి తిరగకముందే మూసుకుంటుంది. మోటారు కింద రబ్బరు ప్యాడ్, మోటారుకీ పైపుకీ మధ్య సాగే రబ్బరు గొట్టం పెడితే తెల్లవారుజామున స్టిల్ట్‌లో మోటారు వేసినా మూడో ఫ్లోర్ మంచాలు గునగునమనవు.

సుయ్యిమనేది సగం మూసిన వాల్వులోంచో, అరిగిన వాషర్లోంచో నీరు సన్నగా దూరే చప్పుడు. ఫ్లష్ ట్యాంకు నిండేటప్పుడు ఈల వేస్తే లోపలి బాల్ కాక్ మార్చాలి. గీజర్ వేసిన కాసేపటికి గోడలో టిక్కుటిక్కుమంటే వేడికి సీపీవీసీ (వేడినీళ్లకి వేసే ప్లాస్టిక్) పైపు సాగుతోందని అర్థం. మూడు మీటర్ల పైపు 30 డిగ్రీలు వేడెక్కితే ఆరు మి.మీ. దాకా పెరుగుతుంది. మాలులో బిగుసుకుని ఉంటే ఆ ఆరు మి.మీ. కోసం గోడని గీరుకుంటూ కదులుతుంది. చుట్టూ ఫోమ్ ఉంటే చప్పుడు చేయకుండా సాగుతుంది.

మా గోడ

మా ఇంట్లో చేసినదేమిటంటే, పై ఫ్లోర్ వాళ్లతో ముందు మాట్లాడాం. ఇది చెప్పడానికి నాకు మొహమాటమేసింది. మరుగుదొడ్డి చప్పుడు గురించి పక్కవాళ్లకి ఎలా చెప్తాం? కానీ వాళ్లకి వాళ్ల పైనున్న వాళ్ల చప్పుడు అంతే వినిపిస్తోందని తెలిసింది. నాలుగు కుటుంబాలం కలిసి ఆ ఒక్క పైపుకి పని చేయించాం. పాత క్లాంపులు తీసి రబ్బరువి వేశాం, వాటిని బెడ్‌రూమ్ గోడ నుంచి బాత్రూమ్ గోడకి మార్చాం. స్లాబు దగ్గర మాలు జాగ్రత్తగా తొలిచి తీసి, మంటను తట్టుకునే సీలెంట్ వేశాం. పైపు చుట్టూ నైట్రైల్, దాని మీద వినైల్ షీటు చుట్టాం. శుభ్రం చేసే మూత ఉన్నచోట మాత్రం విప్పి మళ్లీ వేసుకునేలా పట్టీతో బిగించాం, లేకపోతే ఏడాదికొకసారి పైపు జామ్ అయినప్పుడు అంతా చింపాల్సి వస్తుంది. పని మొత్తంలో ఎక్కువ తేడా తెచ్చింది క్లాంపులు, స్లాబు కన్నం. వినైల్ చుట్టకముందే గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, ఆ జలదరింపు పోయింది.

పూర్తి నిశ్శబ్దం రాలేదు. చెవి పెట్టి వింటే నీళ్లు దిగడం ఇప్పటికీ తెలుస్తుంది. కిందటి కార్తీకంలో అమ్మ మళ్లీ వచ్చి అదే గదిలో, అదే గోడ వైపు తల పెట్టి పడుకుంది. ఐదున్నరకి నేనే లేపాను.

కొత్తగా కట్టుకునేవాళ్లకి ఇంత పని అక్కర్లేదు. ప్లాన్ గీసేటప్పుడే మురుగు పైపు వెళ్లే గోడకి మంచం తలాపు రాకుండా చూడండి. పడక గది గోడ ఓటీఎస్‌కి ఆనుకుంటే, ఆ ఒక్క గోడ తొమ్మిది అంగుళాలు కట్టించండి. ప్లాస్టరింగ్ మొదలయ్యే ముందు రోజు పై అంతస్తు నుంచి ఆ పైపులోకి నాలుగు బకెట్ల నీళ్లు ఒకేసారి పోయించి, కింద గదిలో నిలబడి గోడ పొడవునా అరచెయ్యి ఆనించి చూడండి. చేతికి ఎక్కడ తగిలితే అక్కడ అవతల ఒక క్లాంపో, మాలు ముద్దో ఉంటుంది. ఆ పూట మేస్త్రి ఇంకా అక్కడే ఉంటాడు, ఉలి కూడా అతని చేతిలోనే ఉంటుంది.